ఆవిడ పలకరింపు

నిన్న పొద్దున్న పక్క క్వార్టర్లో ఉండే అత్త పోయింది. ఆవిడ కోడలు వచ్చి చెప్పింది. అప్పటినుంచి ఒకచోట కూర్చోలేకపోతున్నాను. ఈ నాలుగు ముక్కలు రాయడానికే ఆరుసార్లు లేచాను.

అత్త అంటే చుట్టరికం కాదు. ఈ బెంగాలీ ఊరు లిలువాలో మా గోడకి ఆవలి గోడ ఆవిడది, అంతే. ఆసుపత్రిలో ఆపరేషన్ గాయాలకు కట్లు కట్టే నర్సుగా చేసి రిటైరైంది. ఎవరింటికెళ్ళినా ఒకటే పలకరింపు: "సేతులు కడిగినావేటే?" గుమ్మంలో ఆవిణ్ణి చూస్తే చాలు, మా ఆయన కుళాయి దగ్గరికి పరుగెత్తేవాడు.

మూడేళ్ళ క్రితం క్యాన్సరని నా కుడి రొమ్ము తీసేశారు. అదే ఆపరేషన్లో ఆ చోట ఇంప్లాంట్ పెట్టారు. పక్కనుంచి సన్నటి గొట్టం, దాని చివర నీరు దిగే సీసా. "చీము పడితే పెట్టింది తీసేయాల్సి వస్తుంది" అని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఆ ఖాళీని అద్దంలో చూడగలనా? అదే నా భయం.

ఇంటికొచ్చిన ఐదో రోజు మా అమ్మ, పలాస నుంచి తెచ్చిన పసుపుని గొట్టం చుట్టూ అద్దింది. మా ఇళ్ళల్లో ఏ గాయానికైనా అదే మందు. వద్దనడానికి నోరు రాలేదు.

సాయంత్రం అత్త వచ్చి, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, "సూపించు" అంది.

"బాగానే ఉందత్తా."

"సిగ్గు తర్వాత పడుదువు గానీ, సూపించు."

చూసి మండిపడింది. "ఏటే ఇది? ఎరుపొచ్చినా ఈ పసుపులో కనపడతాదా? లే, టాక్సీ పిలుస్తన్నాను."

అమ్మ ఏడుపు మొహం పెట్టింది. "నిన్నేటీ అన్లేదు వదినా. కుట్లున్న సోట మాత్రం డాక్టరు సెప్పిందే రాయాల" అంది అత్త.

ఆసుపత్రిలో పసుపు తుడిస్తే కింద ఎరుపు బయటపడింది. దాని చుట్టూ పెన్నుతో గీత గీసి, నరంలోకి మందు ఎక్కించారు. ఎరుపు ఆ గీత దాటితే మళ్ళీ ఆపరేషనే. రెండు రోజులూ అత్త నా మంచం పక్కనుంచి కదల్లేదు. దుప్పటి సర్దడానికి వచ్చిన ఆయాని కూడా వదల్లేదు, బెంగాలీలో అదే పలకరింపు: "హాత్ ధుయేఛో, దిదీ?"

మూడో రోజుకి ఎరుపు ఆ గీత లోపలికి తగ్గింది. "పెట్టింది నిలబడిందే!" అని ఆవిడే ముందు ఏడ్చేసింది. అమ్మా! ఎంత రుణపడిపోయాను!

నిన్న ఆవిణ్ణి ముందుగదిలో పడుకోబెట్టారు. చావింటినుంచి వచ్చాక కడుక్కుంటాం గానీ, వెళ్ళగానే ఎవరు కడుక్కుంటారు? నేను తిన్నగా వాళ్ళ కుళాయి దగ్గరికి వెళ్ళి, మోచేతుల దాకా సబ్బు రుద్దుకున్నాను.

"ఇప్పుడెందుకు వదినా?" అంది కోడలు.

వెళ్ళి అత్త పాదాలు పట్టుకున్నాను. వెనక కుళాయి మళ్ళీ తిప్పిన చప్పుడైంది. చూస్తే మా ఆయన, చొక్కా చేతులు పైకి మడుచుకుని, సబ్బు అందుకుంటున్నాడు.