ఏడ్చే ముసలాయనకూ ఫ్రేములో చోటు

2022 ఎండాకాలం. కరీంనగర్‌లో అబ్బాజాన్ నుంచి నాకు వచ్చిన ఫ్రేముల దుకాణంలో దేవుళ్ల పటాలు, పెళ్లి ఫోటోలదే రాజ్యం. ఆ రోజు చొప్పదండి నుంచి స్వప్న అనే టీచరమ్మ వాళ్ల అత్తమ్మతో కలిసి వచ్చి, చుట్టి తెచ్చిన పాత కాగితాన్ని నా ముందు పరిచింది. అది డచ్చివాళ్ల ఎన్‌గ్రేవింగ్. అంటే రాగిరేకు మీద సన్నని గీతలు చెక్కి, సిరా నింపి కాగితం మీద అచ్చొత్తిన బొమ్మ. మధ్యలో భూగోళం. ఒకవైపు దాన్ని వేలితో చూపిస్తూ పగలబడి నవ్వే ముసలాయన. మరోవైపు కళ్లు తుడుచుకుంటున్న ముసలాయన.

"ఇద్దరు గూడ తత్వవేత్తలే ఆపా. లోకం తీరు చూసి ఒకాయన నవ్వుతుండు, ఒకాయన ఏడుస్తుండు" అంది స్వప్న. వాళ్ల బాపు బొగ్గుగనిలో పనిచేసేటప్పుడు, మిషన్లు బిగించడానికి వచ్చిన డచ్ ఇంజనీరు ఇచ్చిపోయాడట. బాపు దాన్ని కూతురి కొత్తింటికి కానుకగా ఇచ్చాడు.

అత్తమ్మ ససేమిరా అంది. "కొత్తింట్ల ఏడుపు మొఖమా? గా ఏడ్చేటోన్ని కత్తిరించు బిడ్డా."

స్వప్న ముఖం వాడిపోయింది. "గృహప్రవేశానికి బాపు వస్తడు అత్తమ్మా. సగం బొమ్మ చూస్తే మనసు కష్టపెట్టుకోడా?"

కత్తిరించడానికి నాకూ చెయ్యి రాలేదు. బొమ్మకూ ఫ్రేముకూ మధ్య వేసే అట్టను మౌంట్ అంటాం. దాన్ని వెడల్పుగా కోసి, నవ్వేవాడొక్కడే కనిపించేలా ఏడ్చేవాణ్ణీ భూగోళాన్నీ దాని కింద దాచేశాను. కాగితం మీద గీత కూడా పడలేదు. అత్తమ్మ మెచ్చుకుంది. కావాలంటే మౌంట్ తీసేయొచ్చు, బొమ్మ బతికిందని స్వప్న ఊపిరి పీల్చుకుంది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

వారం తిరక్కుండానే అత్తమ్మ ఫ్రేమును చంకన పెట్టుకొని ఆటో దిగింది.

"గీ ముసలోనితోని పరేషానున్నది బిడ్డా! ఇప్పుడున్న ఇంట్ల గోడకు పెట్టి చూసినం. పాలు పొంగిపోతే నన్ను జూసి నవ్విండు. పూజకు కూసుంటే నవ్విండు. చుట్టాలొస్తే వాళ్లకు గూడ వేలుపెట్టి చూపిచ్చి నవ్వుతుండు!"

నాకు నవ్వాగలేదు. మౌంట్ తీసేశాను. భూగోళం బయటపడగానే ఆయన వేలు ఎటు చూపిస్తోందో ఆమెకు తెలిసింది. ఇప్పటికీ మౌంట్ కోసే ముందు, బొమ్మలోని మనిషి దేన్ని చూస్తున్నాడో చూసుకుంటాను.

"అయితే నన్ను జూసి కాదన్నట్టు" అంది అత్తమ్మ. "ఏడ్చేటాయనను గూడ ఉండనియ్యి. పక్కన గాయన లేకుంటే గీయన పిచ్చోని లెక్క కనవడుతుండు."

గృహప్రవేశానికి నన్నూ పిలిచారు. ముందు గదిలో అత్తమ్మ, స్వప్న వాళ్ల బాపును బొమ్మ ముందు నిలబెట్టి చెబుతోంది: "చూడన్నా, గీయన నవ్వుతుండు, గాయన ఏడుస్తుండు. ఇద్దరుంటెనే మంచిగున్నది. నేనే పెట్టిచ్చిన."

ఏళ్ల తరబడి ఆ బొమ్మను కాపాడుకున్న ఆయన, అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు కళ్లు పెద్దవి చేసి, "గట్లనా చెల్లె!" అన్నాడు.