రెక్కల కోడె, ఎర్ర పట్టీ

ఎద్దులను అమ్మి నంద్యాలకు వచ్చినప్పటి నుంచి నాకు ఒకచోట కూర్చోబుద్ధి కాదు. మా అద్దె ఇల్లు బస్టాండుకు దగ్గర. ఆళ్లగడ్డ, చాగలమర్రి అని కండక్టర్ కేక వినబడితే చాలు, లేచి వాకిట్లోకి పోతాను, మళ్లీ లోపలికి వస్తాను. నన్ను చూస్తుంటే తనకు కళ్లు తిరుగుతున్నాయని నా భార్య అంటుంది. నడుము పట్టేసి, డాక్టరు బరువు పని వద్దన్నాక, ఆళ్లగడ్డ దగ్గరి మా చేను ఆమె అన్నకే కౌలుకిచ్చాం. అమ్మాయి పదో తరగతి అయిపోగానే తిరిగి పోతామని, మళ్లీ ఒక జత కొంటానని అందరికీ చెప్పాను. అందరికంటే ఎక్కువసార్లు అమ్మాయికి చెప్పాను. ఆ మాట పట్టుకునే ఆ పిల్ల ఇక్కడి బడికి పోతోంది.

కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్న నన్ను చూడలేక ఒక ఆదివారం ఆ పిల్లే తన పాత ఫోన్ నా చేతిలో పెట్టింది. అందులో ఒక వెబ్‌సైట్. ఉత్తుత్తి జంతువులను దత్తత తీసుకుని పెంచాలట, కావాలంటే ఇంకొకరితో మార్చుకోవచ్చట. డిగ్రీ చదివి సేద్యంలోకి దిగినవాడిని, ఇంగ్లీషుకు భయపడను గాని, పాస్‌వర్డ్ దగ్గరే నా ఓపిక అయిపోయింది. పెద్దక్షరం లేదంటుంది, అంకె లేదంటుంది. పేరు దగ్గరికి వస్తే, అది ఇంకెవరో పెట్టేసుకున్నారంటుంది. మా తాత పేరు పెట్టుకున్నాను, దాన్ని ఇంకొకడు ఎట్లా పెట్టుకుంటాడని ఒళ్లు మండింది.

ఎట్టకేలకు లోపలికి పోతే అంతా నక్కలు, కుందేళ్లు, రంగురంగుల బల్లులు. వెతికి వెతికి రెక్కలున్న ఒక కోడెను తీసుకున్నాను. వయసు తెలియడానికి పళ్లు చూద్దామంటే నోరు తెరవదు. వెంట్రుకల సుడి ఎక్కడుందోనని బొమ్మను పెద్దది చేస్తే మసకబారింది. పొద్దున గడ్డి బొమ్మ నొక్కాలి, సాయంత్రం నీళ్ల బొమ్మ నొక్కాలి. పేడ వేయదు. మరిచిపోయినా చావదు, మొహం వేలాడేస్తుంది, అంతే. ఇదేం పశువని తిట్టుకుంటూనే, తెల్లవారగానే ముందు దానికే మేత వేసేవాడిని. ఆటలు గెలిచి దాని మెడకు ఒక ఎర్ర పట్టీ కూడా సంపాదించాను.

కొత్తగా చేరినవాళ్లు కొన్నాళ్లు మార్పిడి చేయకూడదట. ఆ కొన్నాళ్లు అమ్మాయి తల తిన్నాను. సంతలో అయితే తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని, పక్కవాడికి కూడా తెలియకుండా బేరం చేస్తాం. ఇక్కడ అందరి ముందే. గడువు తీరిన రోజే ఎవరో నా కోడెను అడిగారు. బదులుగా రెండు తెల్లవి ఇస్తామన్నారు. రెండూ ఒకే ఎత్తు, ఒకే తీరు కొమ్ములు. జత కనబడేసరికి నా చెయ్యి ఆగలేదు. సరేనన్నాను. పంపేముందు కోడె మెడలోని పట్టీ విప్పి నా దగ్గర పెట్టుకున్నాను.

గంట తిరగకముందే నేను మోసగాడినని ఫిర్యాదు పోయింది. పట్టీతో సహా చూపించి, పట్టీ లేకుండా పంపానట. జవాబు చెప్పేదాకా మార్పిడులు బంద్ అని వెబ్‌సైట్ వాళ్లు మెసేజ్ పెట్టారు. ఒకే ఫోన్‌లో ఆడామని అమ్మాయి అకౌంట్ కూడా ఆపేశారు. ఇన్నేళ్లలో సంతలో ఒక్క మాట పడనివాడిని, ముక్కూ మొహం తెలియనివాడు దొంగ అనేసరికి ఉడికిపోయాను. జవాబు తానే రాస్తానని అమ్మాయి ఫోన్ తీసుకుంది.

"పట్టీ ఎందుకు ఇప్పినావ్ నాయనా?"

"అమ్మినోడు పలుపు ఇయ్యకూడదు పాపా. కొన్నోడు తన తాడు తెచ్చుకుంటాడు. మన పలుపు మనింట్లో ఉంటే మళ్లా పశువు మనింటికి వస్తాది."

పశువు మెడకు కట్టే తాడును అట్లా వెనక్కి తెచ్చుకోవడం మా నాయన నుంచి వచ్చిన అలవాటు. కోడె మెడలో పట్టీ చూడగానే చెయ్యి దానంతటదే విప్పేసింది. అమ్మాయి నవ్వుకుంటూ ఇంగ్లీషులో రెండు వాక్యాలు కొట్టింది. మూడోది కొడుతూ ఆగింది.

"మన ఎద్దుల పలుపులు యాడుండాయి?"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. ఏదో ఒక అబద్ధం చెబుదామనుకున్నాను. నిజమే వచ్చింది.

"ఎద్దులతోనే పోయినాయి."

"కొన్న ఆయప్ప ఎత్తుకపోయినాడా?"

"నేనే ఇచ్చినా."

కొన్న మనిషి తాళ్లు తెచ్చుకునే వచ్చాడు. ఉండనీలే అని నేనే పలుపులతో సహా లారీ ఎక్కించాను. మేం ఇక తిరిగి వెళ్లబోమని నాకు ఆ రోజే తెలుసు. తెలుసని నాలో నేనైనా అనుకోలేదు. అనుకుంటే ఆ రోజు చేను దాటి వచ్చేవాడిని కాదు. అమ్మాయికి చెప్పిన మాటలన్నీ నా ధైర్యం కోసం చెప్పుకున్నవే. వాటిని ఆ పిల్ల నిజమనుకుంది. సిగ్గేసింది. ఇప్పుడేమంటుందోనని అంతకంటే భయమేసింది.

అమ్మాయి పలుపు గురించి రాసినదంతా చెరిపేసింది. తెలియక జరిగింది, మన్నించండి అని మాత్రం కొట్టి ఫోన్ నా చేతికిచ్చింది.

"ఆ పట్టీ గూడా ఇచ్చేయ్ నాయనా," అంది.

నొక్కాను. పట్టీ పోయింది. అమ్మాయి పుస్తకాల సంచీ తీసుకుని పక్క గదిలోకి వెళ్లింది. నా భార్య చేతులు తుడుచుకుంటూ వచ్చి ఆళ్లగడ్డలో వాళ్లన్నకు ఫోన్ చేసింది. కొట్టంలో మా కాడి, దున్నే మడక ఊరికే పడి ఉన్నాయని, ఎద్దుల సేద్యం చేసేవాళ్లెవరైనా అడిగితే ఇచ్చేయమని చెప్పింది. చెబుతున్నంతసేపూ నా వైపే చూసింది. నేను వద్దనలేదు.