గ్రిల్లు వేసిన అరుగు

దెయ్యాలు, గాలి సోకడాలు అని ఎవరు మాట ఎత్తినా కసిరేదాన్ని. చదివింది మూడో తరగతే అయినా, కంటికి కనబడనిదాన్ని నమ్మే మనిషిని కాను.

పుంగనూరు పాతవీధుల్లో మాది వంకర సందు. ఒక మలుపులో నిలబడితే ఇంకో మలుపు కనబడదు. అయినా మాకు ఎప్పుడూ భయం లేదు. ప్రతి ఇంటికీ అరుగు, అరుగు మీద అంగడివాళ్ళిచ్చిన చింతపండులో గింజలు తీస్తూ ఎవరో ఒక ఆడమనిషి. కొత్తవాడు సందులోకొస్తే వెంటనే అందరికీ తెలిసిపోయేది.

మలుపు ఇంట్లో ఒంటరిగా ఉండే ఖాతూన్‌బీ మా అరుగు మీదే కూర్చునేది. పక్కవీధిలో దొంగతనం జరిగాక నేను అరుగుకు ఇనుప గ్రిల్లు పెట్టించి తాళం వేశాను. బయట నిలబడి ఆమె నవ్వింది.

"బోనులో ఉండావు గదక్కా! టికెట్ పెట్టు, సూసేదానికి జనాలొస్తారు."

"నీకేం పోతాది? ఇంగ మీ ఇంటికాడే కూసో పో," అన్నాను.

ఆమె చింతపండు గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది. నన్ను చూసి ఎదురింటివాళ్ళు, పక్కింటివాళ్ళు కూడా గ్రిల్లులు వేయించారు. సందులో మనిషి అలికిడి లేకుండా పోయింది.

మొన్న ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం నడవలో పడుకుని ఉన్నాను. నిద్రపోలేదు. అరుగు మీద నుంచి ఖాతూన్‌బీ గొంతు స్పష్టంగా వినిపించింది.

"అక్కా, రవ్వన్ని నీళ్ళియ్యి."

తాళం ఎవరు తీశారని కోపంగా లేచాను. తాళం వేసినట్టే ఉంది. తాళంచెవి నా బొడ్లోనే ఉంది. అరుగు మీద ఎవరూ లేరు. పక్కనే కూర్చున్న కోడలు తనకేమీ వినబడలేదంది.

బయట నుంచి పిలిచి నాతో ఆటలాడుతోందనుకుని, నాలుగు మాటలు అనేసి వద్దామని ఆమె ఇంటికే వెళ్ళాను. పగలెప్పుడూ మూయని తలుపు లోపల గడియ పెట్టి ఉంది. ఎంత పిలిచినా పలకలేదు. ఎదురింటాయన పెరటి గోడ దూకి లోపలికెళ్ళి తలుపు తీశాడు. నీళ్ళకుండ పక్కన నేల మీద పడి ఉంది ఖాతూన్‌బీ. కళ్ళు మాత్రం కదులుతున్నాయి.

మదనపల్లె ఆసుపత్రికి తీసుకెళ్ళాం. పక్షవాతమన్నారు. తెల్లవారుజామునే వచ్చి ఉంటుందని, అప్పుడే మాట పడిపోయి ఉంటుందని డాక్టరు చెప్పాడు.

"పొద్దున్నే ఎవురూ సూల్లేదామ్మా?" అని అడిగాడు.

అరుగులు తెరిచి ఉన్న రోజుల్లో, ఆమె తలుపు తీయలేదని సూర్యుడు పైకి రాకముందే ఎవరో ఒకరు తట్టి ఉండేవాళ్ళు.

గ్రిల్లు పీకించేశాను. ఖాతూన్‌బీ మళ్ళీ వచ్చి కూర్చుంటోంది. కుడిచెయ్యి లేవదు. ఎడమచేత్తోనే మెల్లగా గింజలు తీస్తుంది. దాహమైతే అరుగు మీద తడుతుంది.

ఆ మధ్యాహ్నం నన్ను లేపిన గొంతు ఎలా వచ్చిందో నాకిప్పటికీ తెలియదు. ఆమెను అడగాలనిపిస్తుంది. అడిగినా, చెప్పడానికి ఆమెకు మాట లేదు.