చప్పుడు చేయండి, చిన్నా పడుకున్నాడు

ప్రసన్నకుమారి కొడుకు చిన్నా నేవీలో, జలాంతర్గామిలో పనిచేస్తాడు. వాడి పని గురించి ఆవిడకు తెలిసింది గోరంత. తెలియనిదంతా ఆవిడే సొంతంగా కల్పించుకుంది. ఆ పడవకి ఒక కిటికీ ఉంటుందనీ, డ్యూటీ దిగాక చిన్నా ఆ కిటికీ దగ్గర గెడ్డం కింద చెయ్యి పెట్టుకుని చేపల్ని చూస్తూ కూర్చుంటాడనీ చాలాకాలం గట్టిగా నమ్మింది. మామిడికుదురు పక్కన ఊరి బళ్ళో పిల్లలకి మధ్యాహ్నం భోజనం వండుతుంది ఆవిడ. పప్పు కలియబెడుతూ కలియబెడుతూ ఆ కిటికీలోంచి తనూ కాసేపు చూసొచ్చేది. ఒక్కోసారి పప్పు అడుగంటేది కూడా.

కిటికీ లేదని పోయిన సెలవులో వాడు చెప్పేసరికి ఆవిడ మొహం చిన్నబోయింది.

"కిటికీ లేని కొంపలో మనుషులెలా ఉంటార్రా?"

"కొంప కాదమ్మా, సబ్‌మెరైను."

"ఏదైతేనేం! అంత పెద్దది కట్టినోళ్ళకి ఒక్క కిటికీ పెడితే ఏం పోయిందంట?"

పెరట్లో కొబ్బరికాయలు వలుస్తున్న వాళ్ళాయన గంగయ్య తల ఎత్తకుండానే, "రేపు దానికి అరుగు కూడా కట్టమంటాదిరా మీ అమ్మ," అన్నాడు.

పడవ నీళ్ళలోకి దిగిందంటే ఇక చిన్నా దగ్గర్నుంచి ఫోనుండదు. ఎక్కడికి వెళ్తాడో చెప్పడు, ఎప్పుడొస్తాడో చెప్పడు. చెప్పకూడదు. ఆ రోజుల్లో ప్రసన్నకుమారికి మధ్యాహ్నం కునుకులోనే కొడుకు దొరికేవాడు. అంతర్వేది దగ్గర సముద్రంలోంచి గోదావరిలోకి తిరిగి, గోదావరిలోంచి కాలవలోకొచ్చి, ఆ పడవ సరిగ్గా వాళ్ళింటి కింద ఆగేది. నేల అడుగు నుంచి ఎవరో మెల్లగా తట్టేవారు. ఉలిక్కిపడి లేచేసరికి కొబ్బరాకుల సందుల్లోంచి పడిన ఎండ గోడమీద నీళ్ళలా కదులుతూ ఉండేది. ఏది ఇల్లో, ఏది నీళ్ళ అడుగో కాసేపు తెలిసేది కాదు. మొహం కడుక్కుంటేగాని ఆ మైకం వదిలేది కాదు.

ఈ మే నెలలో చిన్నా సెలవు మీద వచ్చాడు. బడికి వేసవి సెలవులు కనక ఆవిడకీ తీరికే. చేపల పులుసు, పనసపొట్టు కూర, కొబ్బరి పాలతో పరమాన్నం అని లెక్కలేనన్ని అనుకుంది. అన్నీ చేసింది, వాడు తిన్నాడు కూడా. వాడికి నిద్రే పట్టడం లేదు. మంచం మీద అటు దొర్లుతాడు, ఇటు దొర్లుతాడు, లేచి కాలవగట్టు మీదికి పోతాడు. రెప్ప వాలితే చాలు, మళ్ళీ టక్కున తెరుచుకుంటుంది. వచ్చి వారమైనా కళ్ళ కింద నలుపు పోలేదు సరికదా, ఇంకొంచెం ముదిరింది. అడిగితే "ఏం లేదమ్మా" అంటాడు. ఆ మాట విన్నప్పుడల్లా ఆవిడకు ఒళ్ళు మండేది. ఏమీ లేకపోతే మనిషి నిద్రపోడూ? ఇంకో వారంలో వాడు వెళ్ళిపోవాలి. ఈ కళ్ళతో మళ్ళీ ఆ నీళ్ళ అడుక్కి ఎలా పంపడం? ఆవిడ గుండెల్లో అదొక్కటే గుబులు.

చివరికి ఆవిడకు తోచింది ఒకటే. ఊరి రొద! ఎదురుగా అచ్చమ్మ పిండిమర పొద్దస్తమానం గుర్రుమంటూనే ఉంటుంది. పక్కనే దుర్గారావు మోటారు సైకిళ్ళ షాపు. బండి బాగైనా కాకపోయినా దాన్ని రైజు చేసి చూడందే అతనికి తోచదు. ఇన్ని మోతల మధ్య పాపం పిల్లాడికి నిద్రెలా వస్తుంది? చీరకొంగు నడుముకు దోపి బయల్దేరింది.

"అచ్చమ్మక్కా, మధ్యాహ్నం పూట కాసేపు మర ఆపుతారేటండీ? మావోడికి నిద్దరుండట్లేదు."

"మర ఆపితే రేపు వీధివీధంతా ఇడ్లీలు మానుకోవాలే," అంది అచ్చమ్మ. అని, గుమ్మంలోంచి తొంగిచూసి, కాలవగట్టున ఒంటరిగా తిరుగుతున్న చిన్నాని చూసింది. "అయ్యో, అలా చిక్కిపోయేడేంటే! సర్లే, మానుకోనీ."

దుర్గారావు కూడా, "ఆయ్, అలాగేనండి వదినగారూ," అని పానా కింద పెట్టేశాడు. గంగయ్యని కాయలు వలిచే గునపంతో సహా కాలవ అవతలికి తరిమేసింది. కిర్రుకిర్రుమనే ఫ్యాన్ ఆపి, చిన్నాని పడుకోబెట్టి తనే విసనకర్ర పట్టుకుంది.

ఆ మధ్యాహ్నం వీధి మూగబోయింది. కాకి కూడా అరవలేదు. తలుపు సందులోంచి పచ్చటి వెలుతురు నేలమీద పరుచుకుంది. గాలి కదలడం లేదు, ఆకు కదలడం లేదు. సముద్రం అడుగున కూడా ఇలాగే ఉంటుంది కాబోలు అనుకుంది ప్రసన్నకుమారి. ఆవిడ కళ్ళు హాయిగా మూతలు పడ్డాయి. పడవ అంతర్వేది దాటింది, కాలవలోకి తిరిగింది. ఇంటి కిందకి వచ్చేస్తోంది అనగా భుజం పట్టి ఎవరో కుదిపారు.

"ఏమైందమ్మా? ఏం ఆగిపోయింది?"

చిన్నా ఒళ్ళంతా చెమట. వాడు ఆవిడ వైపు చూడటం లేదు, కప్పు వైపు చూస్తున్నాడు.

"నేనేరా ఆపించింది. నువ్వు పడుకుంటావని..."

వాడు అలాగే చతికిలబడి కాసేపు నవ్వాడు. నవ్వు ఆగాక, అమ్మ చేతిలో విసనకర్ర తీసుకుని దాని అంచు తడుముతూ చెప్పాడు. అక్కడ గాలి ఆడించే ఫ్యాన్లు పగలూ రాత్రీ ఒకటే మోతగా తిరుగుతూ ఉంటాయట. పోను పోను ఆ మోత చెవికి వినపడదట. ఒకసారి ఉన్నట్టుండి ఆగిపోయింది. గాఢనిద్రలో ఉన్నవాళ్ళు కూడా అందరూ ఒక్కసారే కళ్ళు తెరిచారు. అందరూ కప్పు వైపే చూశారు. కాసేపటికి మళ్ళీ మోత మొదలైంది, అందరూ మళ్ళీ పడుకున్నారు.

"చిన్న రిపేరమ్మా, అంతే. కానీ అప్పట్నుంచీ... చప్పుడు ఉంటే అంతా బాగున్నట్టు. లేకపోతే నా ఒళ్ళే నన్ను లేపేస్తంది. ఇక్కడ రాత్రిళ్ళు మరీ నిశ్శబ్దం. పగలేమో మర తిరుగుతుంది, ఆగుతుంది, తిరుగుతుంది, ఆగుతుంది. ఆగినప్పుడల్లా మెలకువొచ్చేస్తంది."

ప్రసన్నకుమారికి ముందు ఏడుపొచ్చింది. ఆ వెనకే కోపమొచ్చింది. దాచుకోలేదు.

"ఆ కాస్సేపటికే నీకు నిద్దర ఎగిరిపోయింది. నెలల తరబడి నీ ఫోను ఆగిపోతే ఈ ఇంట్లో నేనెలా పడుకుంటన్నానో ఎప్పుడన్నా అనుకున్నావా?"

"ఫోన్ చెయ్యడం కుదరదమ్మా. నీకు తెలుసు కదా."

"తెలుసురా. తెలిస్తే నిద్దరొచ్చేస్తదా?"

వాడు విసనకర్ర ఆవిడ చేతికిచ్చి, ఆ చెయ్యి వదలకుండా చాలాసేపు పట్టుకుని కూర్చున్నాడు.

మర్నాడు ఆవిడ మళ్ళీ కొంగు దోపింది.

"నిన్న ఆపమంటివి, ఇవాళ ఆపకుండా తిప్పమంటన్నావు. మతి నీకు పోయిందా, నాకు పోయిందా?" అని అచ్చమ్మ కయ్యిమంది. సంగతంతా విన్నాక కొంగుతో ముక్కు తుడుచుకుని, "గింజ ఉన్నా లేకపోయినా తిప్పుతానే. ఊరికే తిప్పుతాను," అంది.

దుర్గారావు సంతోషం అంతా ఇంతా కాదు. "చప్పుడు చెయ్యకుండా కూర్చోడమే నాకు చేతకాని పనండి వదినగారూ. ఇది నాకొదిలెయ్యండి."

చిన్నా మంచం వీధి గదిలోకి మారింది, సరిగ్గా పిండిమరకి ఎదురుగా. మర మొదలైంది. పది నిమిషాలు గడిచాయో లేదో, వాడి చెయ్యి మంచం మీంచి జారి వేలాడింది. నోరు కొంచెం తెరుచుకుంది. చిన్నప్పుడు కూడా అలాగే తెరుచుకునేది. బియ్యప్పిండి వాసన గదిలోకి మెత్తగా వస్తోంది. మర మోతకి గోడ, మంచం, ఆవిడ కూర్చున్న పీట అన్నీ సన్నగా వణుకుతున్నాయి. కాసేపటికి ఆ గది కదులుతున్నట్టే అనిపించింది ఆవిడకు. ఇల్లు మెల్లగా నేలలోంచి విడివడి, కాలవలోకి జారి, కొబ్బరి చెట్ల వేళ్ళ కిందుగా సముద్రం వైపు పోతోంది. లోపల కొడుకు నిద్రపోతున్నాడు, తను పక్కనే ఉంది. భయం వేయలేదు. ఎంత దూరమైనా పోనీ అనిపించింది.

అప్పుడు కరెంటు పోయింది.

మర ఒక మూలుగు మూలిగి ఆగింది. తలమీద ఫ్యాన్ కూడా ఆగింది. చిన్నా రెప్పల కింద గుడ్లు కదిలాయి. వేలాడుతున్న చెయ్యి మంచం పట్టెని గట్టిగా పట్టుకుంది. ఎవర్నైనా కేకేద్దామంటే కేకకే వాడు లేస్తాడు. ప్రసన్నకుమారికి ఇంకేం పాలుపోలేదు. వాడి చెవి దగ్గరికి వంగి, పెదాలు బిగించి, గొంతులోంచి సన్నగా మోత తీసింది. మ్మ్మ్మ్ అని, తెగకుండా, మర లాగే.

వాడు కళ్ళు తెరవలేదు. నిద్రలోనే హిందీలో ఏదో గొణిగాడు. "డ్యూటీ పే కౌన్ హై?"

డ్యూటీలో ఎవరున్నారని వాడు అడిగినదాంట్లో ఆవిడకు అర్థమైంది డ్యూటీ అన్న ముక్క ఒక్కటే. అది చాలు. జవాబు చెప్పాలంటే మోత ఆపాలి. ఒక్క క్షణం ఆపింది.

"నేనున్నానురా. పడుకో."

"ఊఁ," అని వాడు గోడ వైపు తిరిగాడు. మంచం పట్టె మీద వేళ్ళు ఒక్కొక్కటే వదులయ్యాయి.

ఆవిడ మళ్ళీ మోత అందుకుంది. ఈలోగా బయట దుర్గారావు ఒక బండిని తన్ని స్టార్ట్ చేశాడు, ఆ వెంటనే ఇంకోటి. అచ్చమ్మ రోకలి తీసి ఖాళీ రోట్లో దంచడం మొదలెట్టింది. వీధంతా హోరెత్తిపోయింది. ఇక ఆవిడ ఆపేసినా ఫరవాలేదు. ఆపలేదు.