ఖర్వాస్తాన్ మ్యూజియం

డొరసామి తన జన్మలో ఏదీ పారేసిన మనిషి కాదు. పలకని రేడియోలు, పిడి ఊడిన గొడుగులు, చిల్లులు పడ్డ నీళ్ళ పైపులు, తలుపు లేని ఫ్రిజ్, ఎవరిదో తెలియని సైకిలు చక్రం. దక్షిణాఫ్రికాలో, డర్బన్ శివారు ఖర్వాస్తాన్‌లోని ఆ చిన్న ఇంటి పెరడంతా ఇవే. ప్రాస్పెక్టన్ కార్ల ఫ్యాక్టరీలో పనిచేసినన్నాళ్ళూ సాయంత్రమయ్యేసరికి దారిలో దొరికిందేదో ఒకటి చంకన పెట్టుకుని వచ్చేవాడు. ఎందుకయ్యా ఇది అంటే, ఎప్పుడో పనికొస్తుంది అనేవాడు. ఆ ఎప్పుడో అనేది ఇంతవరకూ రాలేదు. అతని భార్య సరస్‌కి మాత్రం చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది.

అలాంటి మహానుభావుడు ఇంట్లోంచి ఒక్కటంటే ఒక్క వస్తువు బయటికి ఇచ్చాడు. అది సరస్ పుట్టింటి సన్నికల్లు.

సంగతి ఎప్పుడు బయటపడిందీ? ఆదివారం కూతురు కష్మీరా పెళ్ళి అనగా గురువారం పొద్దున. రాయి కడిగి పసుపు రాసి ఉంచుదామని సరస్ పెరట్లోకి వెళ్ళింది. కుళాయి పక్కన, మిక్సీ వచ్చాక వాడకం తగ్గిన ఆ రాయి ఉండే చోట, పాత వాషింగ్ మెషీను డొల్ల ఒకటి బోర్లించి ఉంది. అది డొరసామి చలికాలంలో తెచ్చి పెట్టిందే. దాన్ని తిట్టుకుంటూ పక్కకి దొర్లించి చూస్తే కింద తడి మట్టి, నాలుగు వానపాములు. నూరే పలక లేదు. దానిమీద దొర్లించే గుండ్రాయి, పొత్రం, ఒక్కటే ఒరిగి పడి ఉంది.

ఆ ఇంట్లో అందరూ మాట్లాడేది ఇంగ్లీషే. సరస్‌కి తెలుగు మిగిలింది దండం పెట్టుకోవడానికి, కూర పేర్లకి, తిట్టడానికి. ఆ పొద్దున తిట్లన్నీ వాడేసింది. డొరసామికి తెలుగు అంతంతమాత్రం. తిట్లు మాత్రం బాగా అర్థమవుతాయి, ముప్ఫై ఏళ్ళ కాపురం కదా.

ఇంతకీ ఆ రాయికి అంత ఏముంది అంటారేమో. డార్నల్ చక్కెర మిల్లు కూలీల బ్యారక్సులో సరస్ అమ్మమ్మ మంగమ్మ కారం నూరింది దానిమీదే. ఆమె తల్లి మద్రాసు రేవులో ఓడెక్కినప్పుడు మూటలో కట్టి తెచ్చిందని కొందరంటారు. అంత బరువు ఓడలో ఎవరు తేనిచ్చారు, టుగెలా ఏటి ఒడ్డున దొరికితే చెక్కించిందని ఇంకొందరంటారు. ఎక్కణ్ణుంచి వస్తేనేం, ఆ ఇంటి ఆడపిల్లలందరూ పెళ్ళిలో కాలు పెట్టింది ఆ రాయిమీదే. పెళ్ళికొడుకు పెళ్ళికూతురి పాదం పట్టుకుని సన్నికల్లు తొక్కిస్తాడు కదా, ఆ వేళకి రాయికి పసుపు రాసేది మంగమ్మే. సరస్ పెళ్ళినాటికి ముసలామెకి చూపు పోయింది. తడుముకుంటూ రాసి, సరస్ పాదం చేత్తో నిమిరి, "ఇక్కడ నేను నించున్నా, మీ యమ్మ నించుంది. నువ్వు జారిపోమాక," అంది. ఆ చెయ్యి చల్లదనం సరస్‌కి ఇప్పటికీ పాదం మీద ఉంది.

పొత్రం సంగతి వేరు. అది పసిబిడ్డలది. పురుడు వెళ్ళాక ఉయ్యాల్లో బిడ్డకంటే ముందు పొత్రానికి చొక్కా తొడిగి పడుకోబెట్టి జోకొడతారు. కష్మీరాని ఉయ్యాల్లో వేసినప్పుడూ అంతే. తల్లి రాయి, బిడ్డ రాయి అంటూ ఆడింది కూడా ఆ పిల్ల చిన్నప్పుడు. ఇప్పుడు తల్లి రాయి లేదు, పెళ్ళి నెత్తిమీదకొచ్చింది.

డొరసామి నసిగి నసిగి చెప్పిందేమిటంటే, ఎవరో మ్యూజియం వాళ్ళు వచ్చారట. అన్ని రంగులవాళ్ళూ కలిసి మొదటిసారి ఓటేసిన ఎన్నికలయ్యాక దేశమంతా కొత్తగా తుడిచి ముగ్గేసుకుంటున్న రోజులు కదా. ఇన్నాళ్ళూ మ్యూజియాల్లో తెల్లవాళ్ళ సామానే పెట్టారు, ఇకమీదట మీ తాతముత్తాతలవీ కావాలి, ఉన్నవి తెచ్చివ్వండి అని గుడి హాల్లో అడిగారట. ఇచ్చాడట. ఏ మ్యూజియం అంటే సిటీలోది అన్నాడు. సిటీలో ఎన్ని లేవు అంటే బుర్ర గోక్కున్నాడు. వాళ్ళొక కాగితం ఇచ్చారని, దాన్ని చాలా జాగ్రత్తగా దాచానని మాత్రం గట్టిగా చెప్పాడు. అతను జాగ్రత్తగా దాచాడంటే ఇక అది దొరకదు. పెరడూ గరాజూ తిరగేస్తే కష్మీరా ఒకటో తరగతి బూట్లు దొరికాయి, చచ్చిపోయిన కుక్క గొలుసు దొరికింది, కాగితం దొరకలేదు.

డొరసామి చెల్లెలు వాసీ పెళ్ళి పనులకి వచ్చి ఉంది. దీనికింత రాద్ధాంతం ఎందుకు వదినా, పెళ్ళికొడుకు లోగన్ వాళ్ళు తమిళులు, వాళ్ళకీ ఉంది అమ్మి అనే సన్నికల్లు, అదే పెట్టి కానిద్దాం అంది. సరస్‌కి ఒళ్ళు మండిపోయింది. తన కూతురు అత్తారి రాయి తొక్కి అత్తారింటికి పోవాలా? పుట్టింట్లో నిలబడ్డానికి ఒక్క రాయైనా లేకపోయిందా దానికి?

ఫోన్లు చేసింది. ఒకరు ఇంకొకరి నంబరు ఇచ్చారు, ఆ ఇంకొకరు మొదటివాళ్ళ నంబరే ఇచ్చారు. ఇక లాభం లేదని శుక్రవారం పొద్దున్నే మొగుణ్ణి బక్కీలో ఎక్కించి డర్బన్ బయల్దేరదీసింది. పెళ్ళి కూరగాయలు తేవాల్సిన చిన్న ట్రక్కు అది.

మొదట సిటీ హాల్లో ఉన్న మ్యూజియం. బట్టల ఫ్యాక్టరీకి పోయే బస్సులోంచి ఆ భవనాన్ని ఇరవై ఏళ్ళు చూసింది గానీ ఆ మెట్లు ఎన్నడూ ఎక్కలేదు. అవి మనవి కావని ఎవరూ విడిగా చెప్పక్కర్లేని రోజులవి. ఇప్పుడు ఎక్కింది, అదీ పసుపు చేతులతో. లోపల గడ్డి కూరిన ఏనుగు, పురుగులు, ఎప్పుడో అంతరించిపోయిన డోడో పక్షి ఎముకలు, ఈజిప్టు నుంచి తెచ్చిన శవం. డొరసామి ఆ ఎముకల ముందు నిలబడిపోయాడు. చూశావా, దీన్ని కూడా ఎవరో పారేయకుండా దాచారు అన్నాడు. పెళ్ళిపనులు మానుకుని పక్షి ఎముకల ముందు నిలబడ్డ మొగుణ్ణి సరస్ రెక్క పట్టుకుని మెట్ల వైపు లాక్కెళ్ళింది. పైకెళ్తే అన్నీ బొమ్మలే. రాళ్ళ సంగతి ఇక్కడ కాదమ్మా, వెనకాల పాత కోర్టులో మ్యూజియం ఉంది, అక్కడ అడగండి అన్నారు.

పాత కోర్టులో పాత గౌన్లు, మందు సీసాలు, తుపాకులు. అన్నీ చక్కగా తుడిచి, వరసగా పెట్టి. ఇంత సామాను ఇంత శుభ్రంగా ఉంచొచ్చన్నమాట అని మొగుడి వంక చూసింది. అతను పైకప్పు వంక చూశాడు. అక్కడి పెద్దమనిషి మర్యాదగానే విన్నాడు, లోపలికెళ్ళి కనుక్కుని, రేవు దగ్గరున్న ఓడల మ్యూజియంలో అడిగి చూడండి అన్నాడు. సన్నికల్లు ఓడల్లో ఎందుకుంటుందని అడగాలనుకుని నోరు మూసుకుంది. వేళ మించిపోతోంది.

అక్కడ పాత టగ్గు పడవ ఒకటి. చీర కుచ్చిళ్ళు ఎగ్గట్టి ఆ ఇనప నిచ్చెన ఎక్కి, లోపలికి దిగి చూసిందాకా అందులో ఇంజను తప్ప ఏమీ లేదని తెలియలేదు. ఆవిడ పైకొచ్చినా డొరసామి రాడు. ఇంజను దగ్గర ఆ నట్టూ ఈ బోల్టూ తడుముతూ మురిసిపోతున్నాడు. కాళ్ళు పీకుతున్నాయి, పెళ్ళింట్లో ఎన్ని పనులు పడి ఉన్నాయో, ఈయన చూస్తే పిల్లాణ్ణి జాతరకి తెచ్చినట్టుంది. ప్రాణం విసిగి రేవుగట్టు మీద కూలబడింది. చాలాసేపటికి అతనూ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఎందుకిచ్చావయ్యా," అంది చివరికి. తిట్టే ఓపిక కూడా లేదు.

డొరసామి చేతికంటిన ఇంజను నూనె ప్యాంటుకి తుడుచుకున్నాడు. "ముందు నా రేడియోలు పట్టుకెళ్ళాను. వద్దన్నారు. మిగతా వాళ్ళంతా చెంబులూ ఫోటోలూ ఇచ్చి ఫోటో దిగుతున్నారు. మన ఇంట్లో వాళ్ళు తీసుకునేంత వస్తువేదైనా ఉందంటే అది నీదే. మనం కూడా ఉన్నామని ఎక్కడో ఒకచోట ఉండాలి కదా."

సరస్ లేచి చీర దులుపుకుంది. అతనన్నది నిజమే అనిపించినందుకు ఇంకా కోపం వచ్చింది.

ఆ పడవల దగ్గరి కాపలాదారే చెప్పాడు, కొత్త మ్యూజియం ఒకటి పెడుతున్నారు, పోగుచేసిన సామానంతా రేవు వెనక పాత గోదాములో ఉందని. అక్కడ సామాను చూసే అతను గిల్బర్ట్ అనే జులూ మనిషి, నడివయసువాడు. విషయం విని లోపలికి తీసుకెళ్ళాడు. బల్ల మీద దూదిపరుపులో ఉంది సన్నికల్లు. ఆసుపత్రిలో పురిటిబిడ్డకి కట్టినట్టు దానికో నంబరు చీటీ కట్టి ఉంది. సరస్ చెయ్యి చాపబోతే అతను తెల్ల చేతితొడుగులు అందించాడు. ఉత్త చేత్తో ముట్టుకోకూడదట.

నలభై ఏళ్ళు దీనిమీద చట్నీ నూరిన చేతులివి, ఇప్పుడు మేజోళ్ళేసుకుని ముట్టుకోవాలా అని ఆమె అడిగితే అతను నొచ్చుకున్నాడు. మా అమ్మమ్మకీ ఉండేది ఆంటీ, ఇంబొకోడో అంటాం, అదెటు పోయిందో కూడా తెలియదు అన్నాడు. సరస్ తొడుగులు వేసుకుంది.

కానీ ఇవ్వడం కుదరదన్నాడు. లెక్కకెక్కిన వస్తువు తిరిగి ఇవ్వాలంటే కమిటీ కూర్చోవాలి, అది వచ్చే నెల. అరువివ్వొచ్చు, కానీ ఇంకో మ్యూజియానికే. ఇళ్ళకి ఇవ్వరు.

పొద్దుట్నుంచీ అణచుకున్నదంతా సరస్ నోట్లోంచి ఊడిపడింది. "ఇల్లా? మాది ఇల్లని నీకెవరు చెప్పారు? వచ్చి చూడు. పాడని రేడియోలున్నాయి. తలుపు లేని ఫ్రిజ్ ఉంది. చచ్చిన కుక్క గొలుసుంది. పొద్దున్న ఎక్కిన మ్యూజియాలన్నిటికంటే నా ఇంట్లోనే ఎక్కువ సామానుంది. ముప్ఫై ఏళ్ళుగా అందులోనే కాపురం చేస్తున్నాను."

గిల్బర్ట్ నవ్వాపుకోలేకపోయాడు. నవ్వి, కాసేపు ఆలోచించి, అరువు కాగితం ముందుకు లాగి, మ్యూజియం పేరేమిటి అని అడిగాడు. ఖర్వాస్తాన్ మ్యూజియం అంది సరస్. బాధ్యులెవరు అన్నాడు. సరస్ వేలెత్తి డొరసామిని చూపించింది. డొరసామి చొక్కా సర్దుకుని నిటారుగా కూర్చున్నాడు. షరతు ఒక్కటే, రాయితోపాటు గిల్బర్ట్ కూడా వస్తాడు, పెళ్ళవగానే వెనక్కి తీసుకుపోతాడు. రాయికి ఏమన్నా అయితే తన ఉద్యోగం పోతుందని కూడా చెప్పాడు. సరస్ బుద్ధిగా తలూపింది. ఇంటికొచ్చి వాసీతో మాత్రం, ఒకసారి గడప దాటి లోపలికి రానీ, వంటగదిలో పెట్టి తాళం వేస్తా, ఎలా పట్టుకుపోతాడో చూస్తా అంది.

ఆదివారం గిల్బర్ట్ సూటేసుకుని, బండి దిగి, రాయిని పొదివి పట్టుకుని వచ్చాడు. పీటల దగ్గర ముందు వరసలో కూర్చుని, పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. సరస్ పలకకి పసుపు పూస్తుంటే అతని ప్రాణం విలవిల్లాడింది, అయినా అడ్డుపడలేదు. లోగన్ వంగి కష్మీరా పాదం పట్టుకుని రాయిమీద పెట్టాడు. సరస్ వంగి కూతురి పాదం నిమిరింది. "మీ అమ్మమ్మా నించుంది, నేనూ నించున్నా," అంది తెలుగులో. ఆ పిల్లకి ఎంత అర్థమైందో గానీ, బొటనవేలు రాయికి గట్టిగా ఆనించి, తల్లి చేతిమీద చెయ్యి వేసింది.

భోజనాలయ్యాయి. కష్మీరా కారెక్కింది. మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపుతూనే ఉంది. ఇంట్లోకొచ్చేసరికి రాయి వంటగదిలో ఉంది, తాళం సరస్ కొంగున ఉంది. గిల్బర్ట్ పెరట్లో నిలబడి ఉన్నాడు. ఇమ్మని అడగలేదు. అడిగితే దెబ్బలాడటానికి ఆమె సిద్ధంగానే ఉంది. అతనేమో, "ఇవాళ మీకు కష్టంగా ఉంటుంది ఆంటీ. రేపు పొద్దున్నే వచ్చి తీసుకెళ్తాను, నేను ఏదో చెప్పుకుంటాను," అన్నాడు.

ఇదెక్కడి మనిషి అని విసుక్కుంది సరస్. గట్టిగా అరిచినా బాగుండేది. విసుక్కుంటూనే తాళం తీసింది. డొరసామిని పిలిచి ఒక పక్క పట్టుకోమంది, ఇద్దరూ పలకని తెచ్చి అతని బండిలో పెట్టారు. తర్వాత సరస్ కుళాయి దగ్గరికెళ్ళి, పొత్రం కడిగి, కొంగుతో తుడిచి తెచ్చింది.

"దీన్ని కూడా తీసుకుపో. తల్లి అక్కడ, బిడ్డ ఇక్కడ ఏమిటి? ఒకే రోజు రెండు చోట్ల తల్లీబిడ్డా విడిపోనక్కర్లేదు," అంది. కష్మీరా కారు పోయిన మలుపు వైపు ఒకసారి చూసింది. మళ్ళీ తన మామూలు గొంతుతోనే చెప్పింది, ఆ పసుపు కడిగేయకూడదని, కష్మీరాకి బిడ్డ పుడితే రెండూ కావాలని, ఖర్వాస్తాన్ మ్యూజియం పేరున కాగితం ముందే రాసి ఉంచమని. గిల్బర్ట్ చేతితొడుగులు వేసుకోకుండానే పొత్రాన్ని అందుకున్నాడు.

బండి కదలబోతుంటే డొరసామి పెరట్లోంచి పరిగెత్తుకొచ్చాడు. చేతిలో రేడియో, అన్నిటికంటే పాతది, కాస్త తుడిచి తెచ్చాడు. ఉత్తచేతుల్తో పంపడం బాగోదు, ఇది కూడా ఇచ్చేద్దాం, ఎలాగూ నీకు అడ్డమే కదా అన్నాడు. ముప్ఫై ఏళ్ళుగా సరస్ వినాలని కోరుకున్న మాట అది.

సరస్ ఆ రేడియోని అతని చేతుల్లోంచి లాక్కుని చంకన పెట్టుకుంది.

"ఇవాళ ఈ ఇంట్లోంచి పోయింది చాలు," అని లోపలికి తీసుకెళ్ళి, కష్మీరా గదిలో మంచం పక్కన పెట్టింది.