ఇంట్లో ఒప్పుకోరు సాబ్

ఇరవై ఏళ్ళ నుంచి ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్దదేం కాదు. ఉదయం ఒకరితో ఒక ముక్క, సాయంత్రం ఇంకొకరితో ఇంకో ముక్క. రెండూ కలిపి రాసినా పోస్టుకార్డులో సగం నిండదు. దొంగతనం చేయలేదు, ఎవరినీ కొట్టలేదు, తాగి రోడ్డు మీద పడిపోలేదు. అందుకేనేమో ఎవరికీ అనుమానం రాలేదు. నన్ను చూసినవాళ్ళకు నా దగ్గర దాచుకునేంత సరుకు ఉందని అనిపించదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. అదొక సౌకర్యం.

ముందు మా ఆవిడ గురించి చెప్పాలి. పేరు తార. హిమాచల్ కొండల్లో పుట్టింది. డిగ్రీ అయ్యాక నేను సొరంగాలు తవ్వే ఒక కంపెనీలో స్టోర్స్ గుమస్తాగా చేరి ఆ కొండల్లోకి పోయాను. నేను అద్దెకున్న ఇంటివాళ్ళ అమ్మాయి ఆమె. పెళ్ళయింది. పాప పుట్టింది, మీనూ. ఆ తర్వాత సొరంగం పని ఆగిపోయింది. కంపెనీ నన్ను పాల్వంచ దగ్గర జరుగుతున్న పనికి పంపింది. రెండువేల రెండో, మూడో. ఏప్రిల్ చివర్లో ముగ్గురం భద్రాచలం రోడ్ స్టేషన్లో దిగాం. అశ్వారావుపేట నా సొంతూరు కాబట్టి నేను ఇంటికి వచ్చినట్టే. ఆమె పొయ్యిలోకి వచ్చింది.

కొత్తగూడెంలో మాకు కిరాయికి దొరికింది సిమెంటు రేకుల ఇల్లు. మధ్యాహ్నం కుళాయి తిప్పితే మరిగిన నీళ్ళు. కొండల్లో నీళ్ళు కాచడానికి కట్టెలు కొనేవాళ్ళం, ఇక్కడ ఆ ఖర్చు తప్పింది కదా అన్నాను. ఆమె నవ్వలేదు. పాపకు వీపంతా చెమటకాయలు. తార మాటిమాటికీ స్నానం చేసేది, తుడుచుకునేలోపే మళ్ళీ తడిసిపోయేది. వస్తూ వస్తూ వాళ్ళమ్మ కుట్టిన మందపాటి దూది రజాయి ఒకటి తెచ్చుకుంది. పాదాల మీద ఆ బరువు లేకపోతే ఆమెకు నిద్ర పట్టదు. రోహిణికార్తెలో, కూలర్ ముందు, పాదాల మీద రజాయి వేసుకుని పడుకున్న మనిషిని నేను ఒక్కరినే చూశాను.

ఆమెను బతికించింది పక్కింటి మార్తమ్మ. బొగ్గు బాయిలో పనిచేసే ఆయన భార్య. అంబలి కాచడం, రేకుల మీద తడి గోనెసంచులు పరచడం, ముంజకాయలో బొటనవేలు పెట్టి తినడం, అన్నీ ఆమే నేర్పింది. ఆదివారం చర్చికి కూడా తీసుకుపోయేది, అక్కడ ఫ్యాన్లు ఎక్కువని. తెలుగూ ఆమే నేర్పింది. కొండల్లో నన్ను 'ఆప్' అని పిలిచిన భార్య ఏడాది తిరక్కుండానే 'ఏంది, ఇంకా లేస్తలేవ్' అనే స్థాయికి ఎదిగింది.

అన్నీ నేర్చుకుంది, ఎండ ఒక్కటి తప్ప. రెండో ఎండాకాలం వచ్చేసరికి బక్కచిక్కింది. ఫిర్యాదు చేయలేదు. ఒక్కటే అడిగేది. పైన కొండల్లో పని మళ్ళీ మొదలవుతుందంటున్నారు, సాబ్‌కు ఒకసారి ఫోన్ చేయమని. సాబ్ అంటే అక్కడ నాకు పై అధికారి. మంచివాడు. చేస్తాలే అనేవాణ్ణి. చేసేవాణ్ణి కాదు.

ఎందుకు చేయలేదో చెప్పాలంటే నా గురించి ఒక సంగతి చెప్పాలి. నేను జోకులు వేస్తాను. నాకు వచ్చిన పని అదొక్కటే, స్టోర్స్ లెక్కలు తర్వాత. హిందీలో నాకు జోకు రాదు. మాట కూడబలుక్కునేసరికి ఎదుటివాళ్ళ టీ చల్లారేది. ఆ కొండల్లో ఉన్నన్నాళ్ళూ నేను గంభీరమైన మనిషిని. అందరూ నన్ను గౌరవించారు. అలాంటి నరకం పగవాడికి కూడా వద్దు. ఇక్కడ బస్టాండు పక్క హోటల్లో నేను బెంచీ మీద కూర్చోగానే నా స్నేహితులు టీ గ్లాసులు కింద పెట్టేసేవాళ్ళు, నవ్వితే ముక్కుల్లోకి పోతుందని. సాయంత్రం అయితే చాలు, కాళ్ళు అటే పోయేవి. ఇంటి దగ్గర ఒక మనిషి ఉడికిపోతోందని తెలుసు. తెలిసే పోయేవాణ్ణి.

అలా ఉండగా ఒక ఉదయం ఆఫీసుకు సాబే ఫోన్ చేశాడు. పని మొదలైందన్నాడు. నా పాత కుర్చీ ఖాళీగానే ఉందన్నాడు. పాత క్వార్టరే ఇస్తామన్నాడు. తారను ఆయన బహూ అనేవాడు, కోడలని. "బహూకి పుట్టిల్లు కూడా దగ్గర. సంతోషిస్తుంది. వచ్చెయ్."

ఆలోచించుకోవడానికి ఒక రోజు అడగవచ్చు. అడగలేదు. భయపడ్డానా? లేదు. ఎప్పటినుంచో నోట్లో సిద్ధంగా ఉన్నట్టు మాట వచ్చేసింది.

"ఇంట్లో ఒప్పుకోరు సాబ్."

అవతల నవ్వాడు. ఇంట్లోవాళ్ళ మాట వినాల్సిందేలే అన్నాడు. హిందీలో నేను ఎవరినైనా నవ్వించడం అదే మొదటిసారి.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి తార వాకిట్లో బకెట్ పెట్టుకుని చెంబుతో రేకుల మీదికి నీళ్ళు విసురుతోంది. పడ్డచోటల్లా రేకు చుయ్యిమంటోంది.

"సాబ్‌కి ఫోన్ జేసినవా?" అంది, వెనక్కి తిరక్కుండానే. రోజూ అడిగే మాటే.

"చేసిన."

చెంబు ఆగింది. "ఏమన్నడు?"

"ఖాళీ లేదంట. వేరేటోళ్ళని తీసుకున్నరంట."

"గట్టిగ అడిగినవా? నీ తీరు నాకెర్కే. ఏదో జోకేసి పెట్టేసినవా ఫోను?"

"లేదు. బతిమిలాడిన."

"నువ్వా?"

"అవ్. నేనే."

ఆమె నా ముఖం చూసింది. దొరికిపోయాననుకున్నాను. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది నేను అనుకోలేదు.

"పోనీ తియ్," అంది. "ఎవ్వల ముందు తల వంచనోడివి, నా కోసం బతిమిలాడినవ్. గంతే చాలు నాకు. పా, కాళ్ళు కడుక్కో. మార్తక్క ముంజలు పంపింది."

గోడ అవతలి నుంచి మార్తమ్మ తల పైకి వచ్చింది. "ఏమైంది పిల్లా? పోతున్నరా మీ మంచు దేశానికి?"

"లేదక్కా. మా ఆయన మస్తు బతిమిలాడిండు. వాళ్ళే ఒప్పుకోలే."

"మంచిదాయె! నువ్వు పోతే హిందీ సీరియల్ల కథ నాకెవరు జెప్తరు?"

ముంజలు తిన్నాను. లేతగా ఉన్నాయి. మర్నాటికి వీధి మొత్తానికి తెలిసింది, నేను భార్య కోసం బతిమిలాడానని. హోటల్లో కూడా ఎవరో అన్నారు. నేను దాని మీద కూడా ఒక జోకు వేశాను.

అక్కడితో అయిపోయి ఉంటే ఇది మీకు రాసేవాణ్ణి కాదేమో. ఆ చలికాలం తార వాళ్ళమ్మకు జబ్బు చేసింది. కబురు రాగానే బయల్దేరాం. రైలు, ఢిల్లీ, బస్సు, ఇంకో బస్సు. చేరేసరికి అంతా అయిపోయింది. వాళ్ళింటి అరుగు మీద నిలబడితే మా పాత క్వార్టర్ కనిపిస్తుంది. కేకేస్తే వినిపించే దూరం. ఆ కిటికీకి ఎవరివో కొత్త పరదాలు ఉన్నాయి.

సాబ్ పలకరించడానికి వచ్చాడు. తార లోపల ఆడవాళ్ళ మధ్య కూర్చుని ఉంది. ఆమెకూ ఆయనకూ మధ్య ఒక గుమ్మం. ఆయన నా పక్కన కూర్చుని గొంతు తగ్గించి, "బహూ అప్పుడు వస్తానని చెప్పి ఉంటే బాగుండేది. ఇప్పుడు ఆమెకే బాధగా ఉంటుంది పాపం," అన్నాడు. నేను తల ఊపాను. అవును సాబ్ అన్నాను కూడా. ఆ మాట అనకపోయినా సరిపోయేది.

అన్నాలప్పుడు తార తమ్ముడు మామూలుగానే అన్నాడు, అక్కా, నువ్విక్కడ ఉంటే అమ్మ ఇంకొన్నాళ్ళు ఉండేదేమో అని. తార తల ఎత్తకుండా వాళ్ళ భాషలో చెప్పింది: ఈయన చేయగలిగిందంతా చేశారు, కంపెనీవాళ్ళే ఒప్పుకోలేదు, ఈయన్ని ఎవరూ ఏమీ అనకండి. ఆ పిల్లవాడు నా భుజం మీద చెయ్యి వేశాడు. నా పళ్ళెంలో ఇంకో రొట్టె వేశాడు. తిన్నాను. రొట్టె బాగుంది. ఇంకొకటి కూడా అడిగాను.

ఆ పూట నాకు ఏమనిపించిందో గుర్తు తెచ్చుకోవాలని చాలాసార్లు ప్రయత్నించాను. ఏమీ అనిపించలేదనే గుర్తుకొస్తుంది. మనిషికి ఏమీ అనిపించకుండా ఎలా ఉంటుంది? లేక అనిపించినదాన్ని ఎక్కడో పెట్టి మరిచిపోయానా? మేం అక్కడే ఉన్నా మా అత్త పోయేదే, నేనేం డాక్టరునా, అని నాకు నేను చెప్పుకున్నాను. నిజమే అయి ఉండవచ్చు. కానీ పోయేముందు కూతురి చేత్తో గ్లాసెడు నీళ్ళు తాగేది. అది మాత్రం నేను లెక్కలోంచి తీసేశాను. పాప చదువు కోసమని చెప్పుకున్నాను, అశ్వారావుపేటలో మా నాన్న ఒంటరివాడయ్యాడని చెప్పుకున్నాను. అన్నీ మంచి కారణాలే. ఫోన్ పట్టుకున్న క్షణంలో వాటిలో ఒక్కటి కూడా నా బుర్రలో లేదు. ఉన్నది హోటల్ బెంచీ.

తిరిగి వచ్చాక నా జోకులు తగ్గాయా? తగ్గలేదు. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడని సంగతి.

తర్వాత స్లాబు ఇల్లు కట్టాం, ఏసీ పెట్టాం. మీనూ పెరిగి ఖమ్మంలో ఉద్యోగం చేస్తోంది, దానికి చలి గిట్టదు. సాబ్ పోయాడని ఆమధ్య తెలిసింది. అప్పుడు నాకు మొదట కలిగింది దుఃఖం కాదు. తార ఇప్పటికీ కొత్తగా పరిచయమైన ప్రతివాళ్ళకూ నేను బతిమిలాడిన కథ చెబుతుంది. ఏటికేడు అందులో నేను మరింత బతిమిలాడుతున్నాను. మొన్న విన్నదాంట్లో ఏడ్చాను కూడా.

చెప్పేయవచ్చు కదా అంటారు. చెబితే ఆమెకు ఏం మిగులుతుంది? అమ్మ ఎలాగూ లేదు. ఉన్నది ఆ కథే. ఇది ఆమె మీద దయా, నా మీద నా దయా? రెండోదే ఎక్కువని నాకు తెలుసు. ఈ కాగితాలు తెలుగులోనే ఎందుకు రాస్తున్నానో కూడా తెలుసు. తార తెలుగు నాకంటే బాగా మాట్లాడుతుంది. చదవడం మాత్రం నేర్చుకోలేదు.

ఇందాక మజ్జిగ తెచ్చి బల్ల మీద పెట్టి, ఏం రాస్తున్నవ్ పొద్దట్నుంచి అని అడిగింది. అబద్ధం నోటిదాకా వచ్చింది. ఎందుకో ఆగింది.

"నేను చేసిన తప్పొకటి రాస్తున్న," అన్నాను.

"ఒక్కటేనా?" అని నవ్వి లోపలికి పోయింది.

నేను నవ్వలేదు. ఏం తప్పని ఆమె అడగలేదు, నేను పిలిచి చెప్పలేదు. అయినా తప్పు చేశానని ఆమెతో పైకి అనడం ఇదే మొదలు. తప్పేమిటో మీకు చెప్పాను. మజ్జిగ తాగాను, చల్లగా ఉంది.