మేం రాసిన బదిలీ అర్జీ

కళ్యాణదుర్గంలో నాది మోటార్లు వైండింగ్ చేసే అంగడి. బోరు మోటారు కాలిపోతే రైతు దాన్ని ఆటోలో వేసుకుని నా దగ్గరికి తెస్తాడు. కాలిన తీగ పీకేసి, కొత్త తీగ చుట్టి, వార్నిష్ పోసి ఆరబెడతాను. వార్నిష్ ఆరేదాకా మనిషి చేసేదేమీ ఉండదు. ఆ ఖాళీలోనే నాకు ఫోన్లో వ్యవసాయం అలవాటైంది.

అదొక ఆట. పొలం దున్నుకోవచ్చు, విత్తుకోవచ్చు, ఆవుల్ని మేపుకోవచ్చు. నాలుగు రోజులకొకసారి అందులో వాన పడుతుంది, ఎన్నడూ తప్పదు. నేను నాలుగెకరాల్లో వరి వేశాను. మా ఆవిడ ఒకసారి ఫోన్లోకి తొంగిచూసి, మింగ మెతుకు లేదుగానీ మీసాలకు సంపెంగ నూనె అని నవ్వింది. ఆ రోజు మా వీధి కొళాయికి నీళ్ళు రాక అప్పటికి ఆరు రోజులు.

ఆ ఆట ఆడేవాళ్ళు మాట్లాడుకోవడానికి కంపెనీవాళ్ళు ఒక ఫోరం పెట్టారు. అందులో తెలుగువాళ్ళకు వేరే గది. ఎక్కడెక్కడి వాళ్ళో ఉండేవాళ్ళుగానీ, రోజూ నోరు చేసుకునేది మాత్రం మా జిల్లా వాళ్ళమే. వాళ్ళలో నాకు బాగా దగ్గరైనవాడు బత్తలపల్లె మీదుగా పోయే బస్సులో కండక్టరు. మేమిద్దరం ఒకర్నొకరు చూసుకున్నది రెండుసార్లే, కానీ రోజుకు పదిసార్లు పోట్లాడుకునేవాళ్ళం.

మా గదిలో ఒక ఆచారం ఉండేది. దాన్ని మొదలుపెట్టింది నేనే. ఒక ఏడు ఆటలో జోరున వాన పడుతోంది, బయట చూస్తే ఆకాశం తోమిన తప్పేలాలా ఉంది. కడుపు మండి, "ఆటలో వాన పడినాది. మా ఊర్లో పడలే. మీ ఊర్లో?" అని రాశాను. సాయంత్రానికి ఇరవై ఊళ్ళ వాళ్ళు జవాబు పెట్టారు. అప్పటినుంచి దానికి వాన పట్టిక అని పేరు స్థిరపడింది. ఎవరి ఊళ్ళో వాన పడినా తెల్లారగానే వచ్చి అందులో రాయాలి. మిల్లీమీటర్లు రాస్తే ఒప్పుకునేవాళ్ళం కాదు. చేలో మట్టి తవ్వి, తడి ఎంత లోతు దిగిందో చెయ్యి పెట్టి చూసి రాయాలి. దుమ్ము అణిగింది, బెత్తెడు పదును, జానెడు పదును, ఇవీ మా కొలతలు. జానెడు అంటే విత్తుకోవచ్చని అర్థం. ఏ విషయంలోనైనా అబద్ధమాడే మావాళ్ళు ఈ ఒక్కదాంట్లో ఆడేవాళ్ళు కాదు. నా అంగడికి వచ్చే రైతులు కూడా "మీ ఫోన్లో ధర్మవరం పక్క ఎట్లుందంట?" అని అడిగేవాళ్ళు.

గదిని చూసుకోవడానికి కంపెనీ తరఫున కమ్యూనిటీ మేనేజర్ అని ఒకాయన ఉండేవాడు. ఉన్నా లేనట్టే. ఉగాది వెళ్ళిన కొన్నాళ్ళకు ఆయన మానేశాడు, ఆయన స్థానంలో ఒకమ్మాయి వచ్చింది. వచ్చిన రోజే ఇలా రాసింది: "గౌరవనీయులైన సభ్యులకు నమస్కారం. మూడు నెలల పరిశీలన కాలానికి మీ నూతన కమ్యూనిటీ మేనేజర్‌గా నియమితురాలినయ్యాను. మీ అభిప్రాయాలను బట్టి సంస్థ నా కొనసాగింపును నిర్ణయిస్తుంది."

కండక్టరు వెంటనే, "ఏమప్పా, ఈమె రేడియోలో వార్తలు చదువుతాందా?" అని పెట్టాడు. అందరం విరగబడి నవ్వాం. ఈమెది హైదరాబాదో బెంగళూరో అయ్యుంటుందని, వేరుశనగ చెట్టుకు కాయ పైన కాస్తుందనుకునే రకమని తేల్చేశాం. మూడు నెలల సంగతి మాత్రం అందరికీ బాగా గుర్తుండిపోయింది.

మా వైపు ఆఫీసుకు కొత్త ఆఫీసరు వస్తే జనం ఏం చేస్తారో ఆమెకూ అదే చేశాం. తలా ఒక అర్జీ పెట్టాం. నా ఆవు కనబడలేదని ఒకడు, పక్కవాడి మేకలు నా చేను మేశాయని ఒకడు, ఆటలో కరువు మండలంగా ప్రకటించి పరిహారమివ్వాలని ఒకడు. ఆమె ఒక్కొక్కరికీ ఓపిగ్గా, "మీ అభ్యర్థన స్వీకరించబడింది" అని రాసింది. కరువు అడిగినవాడికి కూడా ఆటలో అలాంటి సదుపాయం లేదని మన్నించమని రాసింది. అది వేళాకోళమని ఆమెకు తెలియలేదనుకుని ఇంకా నవ్వుకున్నాం.

రోహిణి ఎండలు ముదిరి, పడమట మొదటి మబ్బులు కనిపిస్తున్న రోజుల్లో ఆమె వాన పట్టికకు తాళం వేసింది. పైన ఒక చీటీ: "ఈ చర్చ ఆటకు సంబంధించినది కానందున తాత్కాలికంగా నిలిపివేయబడింది." తాత్కాలికంగా అని రాసిన బోర్డులు ఏళ్ళ తరబడి వేలాడటం చూసినవాళ్ళం మేము. ఆ మాటను ఎవరూ పట్టించుకోలేదు.

నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. మృగశిర కార్తెలో మాకు మొదటి వాన పడింది, బెత్తెడు. అది రాసుకోవడానికి చోటు లేదు. నేనూ ఇంకొందరూ ఆవుల రోగాల శీర్షిక కింద పోయి వాన రాశాం, ఆమె తీసేసింది. కండక్టరు విత్తనాల శీర్షిక కింద రాశాడు, అదీ తీసేసింది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు రూల్సన్నీ ఈమె ఒక్కతే మోస్తోందని నేను తిట్టాను. ఎందుకు మూసిందని మాత్రం ఒక్కరం మర్యాదగా అడగలేదు. ఆఫీసరును కారణం అడిగే అలవాటు మాకు లేదు. ఆఫీసరు నచ్చకపోతే మాకు తెలిసిన మందు ఒకటే, బదిలీ.

అర్జీ నేనే రాశాను. చిన్నప్పుడు ఊళ్ళో అందరికీ అర్జీలు రాసిపెట్టినవాణ్ణి, ఆ చెయ్యి ఇంకా పోలేదు. కంపెనీ వారి దివ్యసముఖమునకు అని మొదలుపెట్టి, ఈమెకు మా ప్రాంతం తెలియదని, మా మాట తెలియదని, సభ్యులను పురుగుల్లా చూస్తోందని రాశాను. ఆ పురుగుల మాట నిజం కాదని రాసేటప్పుడే నాకు తెలుసు. అర్జీకి కాస్త కారం లేకపోతే పైవాళ్ళు చదవరని వేశాను. చివర్లో, ఈమెను వెంటనే ఇక్కడినుంచి బదిలీ చేసి, మా సీమ తెలిసినవాళ్ళను వేయాలని ప్రార్థన. నలభై ఒక్క మంది కింద పేర్లు పెట్టారు. ఒకాయన బొటనవేలు సిరాలో ముంచి కాగితం మీద వేసి, దాన్ని ఫోటో తీసి పెట్టాడు. నాకు పండగలా ఉంది. ఆ రోజంతా అంగడిలో ఈల వేస్తూనే ఉన్నానని పక్కంగడాయన తర్వాత చెప్పాడు.

ఆ ఆదివారం మా ఆవిడ మెచ్చుకుంటుందని అర్జీ మొత్తం ఆమెకు చదివి వినిపించాను. ఆమె ఒక ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే పని చేస్తుంది, ఔట్‌సోర్సింగ్ మీద. అప్పుడు చాటలో, మాకున్న కాస్త చేనులో వేయడానికి విత్తనాల వేరుశనగ గింజలు ఏరుతోంది. ముడతపడినవి ఒక పక్కకు తీస్తూ చివరిదాకా విన్నది. ఆ పాప పర్మనెంటేనా అని అడిగింది. కాదు, మూడు నెలలు చూస్తారంట, వచ్చిన రోజే చెప్పింది అన్నాను.

"ఆఫీసరయితే బదిలీ చేస్తారు," అంది. "నాలాంటిదయితే రేపట్నుంచి రావొద్దంటారు. మొదటి రోజే చెప్పింది గదా ఆ పాప. ఎవర్ని యాడికి బదిలీ చేయమని రాసినావు నువ్వు?"

ఆమె మళ్ళీ గింజలు ఏరుకుంది.

ఈ ఒక్క సంగతి నాకెందుకు తట్టలేదో ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. మేం బదిలీ చేయించిన ఆఫీసర్లు ఇంకో ఊళ్ళో ఇంకో కుర్చీలో కూర్చుంటారు. జీతం ఆగదు, హోదా తగ్గదు, పోయేటప్పుడు మేమే శాలువా కప్పి పంపుతాం. అది మాకు ఒక ఆట లాంటిదే. కంపెనీలో మూడు నెలల మనిషికి పోవడానికి ఇంకో ఊరు ఉండదు. ఇంట్లోనే రోజూ అలాంటి భయంతో పనికి పోయి వచ్చే మనిషి ఉండగా, బజారులో మోటారు పక్కన కూర్చుని ఆ మాట రాశాను నేను.

అప్పటికప్పుడే కంపెనీకి ఇంకో ఉత్తరం రాశాను, మా అర్జీ వెనక్కి తీసుకుంటున్నామని. "మీ అభిప్రాయం మాకు విలువైనది, తగిన చర్య తీసుకుంటాము" అని జవాబు వచ్చింది. మొదటి అర్జీకి కూడా అచ్చం అదే జవాబు. సరే, ఒక్కడి మాట చాలదని గదిలో అందరినీ అడిగాను. పెట్టిన అర్జీ వెనక్కి తీసుకుంటే మన మాటకు ఇంక విలువేముంటుందని ఒకాయన అన్నాడు. ముందు నిప్పు పెట్టిందీ నువ్వే, ఇప్పుడు నీళ్ళు తెమ్మంటోందీ నువ్వే అని ఇంకొకాయన. అందులో అబద్ధమేమీ లేదు. కండక్టరు, ఇంకో ముగ్గురు పేర్లు పెట్టారు. నాతో ఐదుగురం. నలభై ఒకటి ముందు ఐదు.

ఆమెకు విడిగా రాశాను. "అమ్మా, తప్పయింది. కోపంలో రాసినా. నీ పని పోతాదని అనుకోలేదు." మర్నాడు జవాబు వచ్చింది. "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు. నమోదు చేసుకున్నాను." ఆ వాక్యం చూసి మొదట నాకు కోపమే వచ్చింది, చూడండి నా బుద్ధి. కాసేపటికి, ఆమె ఇంకేం రాయగలదని అనిపించింది. ఆమె రాసే ప్రతి అక్షరాన్నీ పైవాళ్ళెవరో చదువుతుంటారు.

మూడు నెలలు ఆరుద్ర కార్తె చివర్లో నిండాయి. ఆ రోజు ఉదయం తెలుగు గదిలో ఆమె ఇలా రాసింది. నేను దాన్ని దాచుకున్నాను.

"అన్నలకు, అక్కలకు. ఈ పొద్దుతో నా పని అయిపోయినాది. ఆటది కానిదంతా తీసెయ్యమని వచ్చిన దినమే నాకు చెప్పినారు. వాన పట్టిక తీసెయ్యలేక తాళమేసి పెట్టినా, దాన్ని ఉంచమని అడుగుతానే ఉంటి. నిన్న ఒప్పుకున్నారు. తాళం తీసినా, పాతవన్నీ అట్లే ఉండాయి చూసుకోండి. ఇన్నాళ్ళు రాసిన ఆ భాష నాది కాదు, అట్లే రాయల్ల అని రూలు. మాది కొత్తచెరువు పక్కన పల్లె. మా నాయనకు రోజూ మీ పట్టిక చదివి వినిపిస్తా ఉంటి. ఉంటానన్నా."

ఆ రోజు మధ్యాహ్నం కండక్టరు బత్తలపల్లె బస్టాండు నుంచి ఫోన్ చేశాడు. మనమేమప్పా ఇట్లా చేసినాము అన్నాడు. తిలాపాపం తలా పిడికెడు అంటారుగానీ, నలభై ఒక్క మందికీ న్యాయంగా పంచితే నా చేతికి వచ్చేది ఒక్క పిడికెడు కాదు. రాసింది నేను. ఆ పురుగుల మాట వేసింది నేను.

పట్టిక తెరిచి చూశాను. మృగశిరలో ఆవుల కింద, విత్తనాల కింద మేం రాసినవి, ఆమె తీసేసిందని మేం తిట్టుకున్నవి, అన్నీ అందులో ఉన్నాయి. ఏ ఊరిది ఆ ఊరికి, ఏ రోజుది ఆ రోజుకు వరసగా సర్ది పెట్టింది. నా బెత్తెడు కూడా ఉంది.

కొత్త మేనేజర్ అంటూ ఎవరూ రాలేదు. ఇప్పుడు ఏం అడిగినా క్షణంలో జవాబు వస్తుంది, మనిషి రాసింది కాదని తెలుస్తూనే ఉంటుంది. దానికి ఎవరూ అర్జీలు పెట్టడం లేదు.

ఆ తర్వాతి వారం మబ్బులు కమ్మి సాయంత్రం నుంచే కుండపోతగా పట్టింది. తెల్లారి మా చేలో తవ్వి చూస్తే నా జానకు పైనే తడి. పట్టికలో రాద్దామని తెరిచేసరికి నాకంటే ముందే ఒకరు రాసి ఉన్నారు. కొత్త ఖాతా, ఆటలో ఒక్క సెంటు పొలం కూడా లేదు. "కొత్తచెరువు. జానెడు పదును. నాయన విత్తనానికి పోయినాడు."

చేతికి మట్టి ఉంది. తుడుచుకుని, ఒకటికి రెండుసార్లు ఆలోచించి రాశాను. "వాన సంతోషమమ్మా. పని యాడన్నా దొరికిందా?"

అంగడి తెరిచి, ఒక మోటారుకు తీగ పీకుతుండగా జవాబు వచ్చింది.

"ఇంకా లేదన్నా. మీ ఊర్లో ఎంత పడినాది, రాయలేదే?"